మీకు తెలుసా? ముక్కల కన్నా గడియారమే ముందు ఓడిస్తుంది

పోకర్ టోర్నమెంట్‌లో ప్రతి పంపకానికీ ఇద్దరు ఆటగాళ్లు ముక్కలు చూడకముందే పందెం పెట్టి తీరాలి. దాన్నే బ్లైండ్ అంటారు; ఒకరిది చిన్నది, ఇంకొకరిది పెద్దది. నిర్ణీత సమయానికోసారి అది పెరుగుతూ పోతుంది. ఆన్‌లైన్‌లో ఒక బల్ల మీద నిమిషానికి సుమారు ఒక పంపకం పూర్తవుతుంది. అంటే 5 నిమిషాలకోసారి బ్లైండ్ పెరిగే ‘టర్బో’ ఆటలో, తొమ్మిది మంది బల్ల చుట్టూ డీలర్ వంతు ఒక్కసారి తిరిగేలోపే పందెం పెరిగిపోతుంది! చేతిలోని చిప్స్ (పందెం బిళ్లలు) పది పెద్ద బ్లైండ్లకు పడిపోయాక దాదాపు రెండే దారులు: ఉన్నదంతా ఒడ్డడం, లేదా ముక్కలు పడేయడం. ఎదుటివాడి తీరు కనిపెట్టడానికి, ఓపికగా వల పన్నడానికి వ్యవధి ఎక్కడిది?

లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ ఇందుకు పూర్తిగా భిన్నం. ఇటీవలి ఏళ్లలో ఒక్కొక్కరికి 60,000 చిప్స్ ఇస్తున్నారు. తొలి బ్లైండ్లు 100, 200. అంటే చేతిలో 300 పెద్ద బ్లైండ్లు! బ్లైండ్ పెరిగే ఒక్కో దశ 2 గంటలు. పెద్ద దెబ్బ తగిలినా తేరుకునే వీలుంటుంది. దశకు 15, 20 నిమిషాలిచ్చే ఆన్‌లైన్ టోర్నీలదీ ఇదే బాట. గంటల తరబడి కూర్చోవాలి, నిజమే. అయినా నేర్పుకు న్యాయం జరిగేది అక్కడే.

(డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి.)