భోజన సమయంలో బట్టలు తడవకుండా: పెద్దవారికి మెడ తువ్వాల ఇంట్లోనే కుట్టుకోవడం ఎలా?

పక్షవాతం వచ్చి తగ్గుముఖం పట్టినవారు, పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారు, బాగా వయసు మళ్లినవారు అన్నం తినేటప్పుడు నోటి మూల నుంచి చారు కారడం, చేయి వణికి ముద్ద ఒళ్లో పడడం మామూలే. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ వార్డులో రోగుల పక్కన కూర్చునే మాకు దీని వల్ల జరిగే నష్టం తెలుసు.

నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు కుడి చేయి, కుడి వైపు మూతి పడిపోయాయి. కొన్ని వారాల్లో నడక కొంత మెరుగైంది, కానీ బరువు తగ్గుతూ వచ్చారు. కొడుకు "బాపూ, ఇంకో రెండు ముద్దలు తిను" అని బతిమాలినా చాలు అనేవారు. ఆకలి లేదేమో అని ఇంట్లోవారు టానిక్కులు కొన్నారు. అసలు సంగతి ఒకరోజు భార్యతో చెప్పారు. తిన్న ప్రతిసారీ అంగీ తడుస్తోంది, కోడలు వచ్చి మారుస్తోంది, అది ఆయనకు సిగ్గుగా ఉంది. అందుకే తిండి తగ్గించారు.

ఆయన తిండి మానింది ఆకలి లేక కాదు, అంగీ తడుస్తోందని. ఇలాంటి ఇబ్బందికి ఇంట్లో ఉన్న పాత టవలుతో, గంటన్నర పనితో పరిష్కారం ఉంది.

ఎందుకు కారుతుంది?

మన నోటిలో రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తుంటాం. పక్షవాతంలో ఒక వైపు పెదవి, బుగ్గ బలహీనమై నోరు సరిగా మూసుకోదు. పార్కిన్సన్స్‌లో ఎక్కువ మందికి లాలాజలం ఎక్కువగా ఊరదు, మింగడం తగ్గుతుంది. అందుకే అది నోటిలో నిలిచి బయటకు కారుతుంది. దీన్ని రోగి నిర్లక్ష్యం అనుకోకండి. "మూతి తుడుచుకో" అని పదే పదే అనడం వల్ల బాధే తప్ప ఉపయోగం లేదు.

తడిసిన బట్ట అలాగే ఉంటే మెడ, ఛాతీ దగ్గర చర్మం ఒరిసి ఎర్రబడుతుంది. చర్మపు మడతల్లో శిలీంధ్రం (ఫంగస్) పెరుగుతుంది. చలికాలం ఉదయం తడి అంగీతో కూర్చోవడం ముసలివారికి ఎంత కష్టమో చెప్పనవసరం లేదు.

మామూలు తువ్వాల ఎందుకు చాలదు?

చాలామంది మెడ చుట్టూ ఒక తువ్వాల చుడతారు. అది తడిని పీలుస్తుంది, నిండగానే అదే తడిని అంగీకి అందిస్తుంది. మరికొందరు ప్లాస్టిక్ కవరు కడతారు. ప్లాస్టిక్ తడిని ఆపుతుంది కానీ పీల్చదు. చారు దాని మీద జారి నేరుగా ఒళ్లోకి, లుంగీ మీదకు చేరుతుంది. పైగా చెమట పోస్తుంది, ముఖం మీదకు లేస్తే ఊపిరాడదు. ప్లాస్టిక్ కవరు ఎవరికీ కట్టవద్దు, పిల్లలకు అసలే వద్దు.

అంటే మనకు రెండు గుణాలూ కావాలి. పైన పీల్చే పొర, దాని కింద ఆపే పొర. ఈ పొరల ఆలోచన కొత్తది కాదు. స్కాట్లాండుకు చెందిన చార్లెస్ మాకింతోష్ 1823లో రెండు గుడ్డల మధ్య రబ్బరు పూత పెట్టి నీరు దిగని బట్టకు పేటెంటు పొందారు. ఆసుపత్రి మంచం మీద పరిచే రబ్బరు షీటును నర్సులు ఇప్పటికీ "మాకింతోష్" అనడం ఆయన పేరు మీదే.

పై పొరకు నూలు బట్టే మంచిది. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఎనుమాముల మార్కెట్టుకు వచ్చే పచ్చి పత్తిని నీటిలో వేస్తే మునగదు, తేలుతుంది. పత్తి పోగు మీద సహజంగా మైనం లాంటి పూత ఉండడమే కారణం. దాన్ని ఉడికించి శుభ్రం చేశాకే అది తడిని పీలుస్తుంది. కొత్త టవలు మీద కూడా మిల్లులో వేసిన పూత ఉంటుంది. అందుకే కొత్తదాని కంటే నాలుగేళ్లు వాడిన టర్కీ టవలు బాగా పీలుస్తుంది. కొత్తదే వాడాలంటే రెండు మూడుసార్లు ఉతికి ఆ తరువాత కత్తిరించండి.

కావలసిన వస్తువులు

1. టర్కీ టవలు ఒకటి. 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు ఉన్నదైతే మూడు మెడ తువ్వాలలు వస్తాయి.
2. నీరు దిగని గుడ్డ. పాత రెయిన్ కోటు వీపు భాగం, లేదా పసిపిల్లల కింద వేసే డ్రై షీటు సరిపోతుంది. పాత గొడుగు గుడ్డకు మధ్యలో రంధ్రం, చుట్టూ అతుకులు ఉంటాయి కాబట్టి అంత మంచిది కాదు. రెగ్జిన్ బిరుసుగా ఉండి మడత దగ్గర పగులుతుంది.
3. లోపలి వైపుకు పలుచని పాత పంచె లేదా నూలు చీర ముక్క.
4. వెల్‌క్రో పట్టీ 3 అంగుళాలు. బట్టల కొట్లలో, దర్జీ సామాను అమ్మేచోట దొరుకుతుంది.

కుట్టే విధానం

1. టవలును అడ్డంగా మూడు సమాన ముక్కలు చేయండి. ఒక్కొక్కటి 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు వస్తుంది. నీరు దిగని గుడ్డను, లోపలి నూలు గుడ్డను అదే కొలతకు కత్తిరించండి. తరువాత టవలు ముక్కను మాత్రం అన్ని వైపులా అర అంగుళం తగ్గించండి. టవలు అంచు వరకు ఉంటే తడి ఆ అంచు చుట్టూ తిరిగి వెనుక వైపుకు పాకుతుంది.

2. మూడు పొరలను పేర్చండి. పైన టవలు, మధ్యలో నీరు దిగని గుడ్డ, కింద నూలు గుడ్డ. పై అంచు మధ్యలో 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల లోతున మెడ గుండ్రంగా కత్తిరించండి.

3. అంచుల వెంటే కుట్టు వేయండి. మధ్యలో పువ్వులు, గళ్లు కుట్టవద్దు. సూది దిగిన ప్రతిచోటా రంధ్రం పడి అక్కడి నుంచి తడి దిగుతుంది. గుండు సూదులు కూడా అంచుల్లోనే గుచ్చండి. అంచు పట్టీకి ఆ రెయిన్ కోటు గుడ్డనే వాడండి. మెడ దగ్గర మాత్రం చర్మం ఒరవకుండా మెత్తని నూలు పట్టీ వేయండి.

4. కింది అంచును 4 అంగుళాలు ముందు వైపుకు, అంటే టవలు లోపలికి వచ్చేలా మడిచి, రెండు చివరలూ కుట్టేయండి. ఇది జేబు. జారిన మెతుకులు, చారు ఇందులో ఆగుతాయి, ఒళ్లో పడవు.

5. పంచె గుడ్డను రెండు పొరలుగా మడిచి 2 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు పట్టీ కుట్టండి. దాని ఒక చివర ఒక భుజం దగ్గర కుట్టేయండి. రెండో చివర మెడ వెనుక నుంచి తిరిగి వచ్చి ముందు వైపు రెండో భుజం మీద వెల్‌క్రోతో అతుక్కోవాలి. మెత్తని వెల్‌క్రో పట్టీకి, గరుకు వెల్‌క్రో తువ్వాల పై ముఖానికి కుట్టండి. గరుకు వైపు మెడకు తగలకూడదు.

ముందు వైపే అతికించడం వల్ల రెండు లాభాలు. రోగి తల ఎత్తి వెనుక చేయి పెట్టనవసరం లేదు. ఒక చేయి బాగున్నవారు తామే వేసుకోగలరు, తామే తీసుకోగలరు. వెల్‌క్రో ఎటువైపు ఉంటే అందుతుందో కుట్టే ముందు వారినే అడగండి. ముడి వేసే దారాలు పెట్టవద్దు. అవి బిగుసుకుంటే తొందరలో విప్పలేం. వెల్‌క్రో అయితే లాగగానే ఊడుతుంది.

6. వాడే ముందు పరీక్షించండి. కింద పాత పేపరు పరిచి, తువ్వాల మధ్యలో అర గ్లాసు నీళ్లు మెల్లగా పోసి ఇరవై నిమిషాలు ఉంచండి. పేపరు పొడిగా ఉంటే మీ పని సరిగా కుదిరినట్లే.

వేసేటప్పుడు

ముందు అడగండి. "బాపూ, తువ్వాల వేయనా?" అనే మాటలో మర్యాద ఉంది. బొమ్మలున్న పిల్లల గుడ్డలు పెద్దవారికి వేయవద్దు. మన ఊళ్లలో మగవారి భుజం మీద తువ్వాల ఉండడం సహజమే కాబట్టి అలాంటి గళ్ల రంగు ఎంచుకోండి. ఆడవారికైతే చీర రంగుకు దగ్గరగా ఉన్నది బాగుంటుంది. దీన్ని పసిపిల్లల "చొంగ గుడ్డ" పేరుతో పిలవకండి.

మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. అంతకు మించితే ఆ సందులోంచే తడి దిగుతుంది. చారు, పాలు, జావ గోరువెచ్చగానే ఇవ్వండి. వేడి చారు జేబులో నిలిస్తే తొడ కాలుతుంది, పక్షవాతం ఉన్న వైపు స్పర్శ తెలియక రోగి చెప్పలేకపోవచ్చు.

భోజనం ముగిశాక మూతి, మెడ రుద్దకుండా అద్ది తుడిచి, తువ్వాల తీసేయండి. వేసవిలో వరంగల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మూడు పొరల గుడ్డను రోజంతా ఉంచితే చెమటకాయలు వస్తాయి. దాంతో పడుకోనివ్వవద్దు. మిగతా సమయంలో చొంగ కారుతుంటే చిన్న నూలు దస్తీలు మారుస్తూ ఉండండి.

ఉతకడం

మెతుకులు దులిపి ముందు చన్నీళ్లలో జాడించండి. పాలు, గుడ్డు పడిన బట్టను మొదటే వేడి నీళ్లలో వేస్తే మరక గట్టిపడుతుంది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, భయపడవద్దు. ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. గంజి పెట్టవద్దు, బట్ట మెత్తబడే ద్రవాలు కూడా వేయవద్దు. రెండూ టవలు పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి. ఉతికేటప్పుడు వెల్‌క్రో మూసి ఉంచండి, ఇస్త్రీ చేయవద్దు. రోజుకు మూడు పూటలు, వానాకాలంలో ఆరడం ఆలస్యం కాబట్టి కనీసం ఆరు ఉంచుకోవడం మంచిది. అంటే రెండు టవళ్లు.

తువ్వాల చెప్పే సంగతులు

మెడ తువ్వాల అంగీని కాపాడుతుంది. మింగడంలో ఇబ్బందిని అది తగ్గించదు. పక్షవాతం వచ్చిన మొదటి రోజుల్లో సుమారు సగం మందికి మింగడం కష్టమవుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కాబట్టి తువ్వాల తీసి ఉతకడానికి వేసే ముందు ఒక్కసారి చూడండి.

- ఎంత పడింది? పెట్టినదానిలో ఎక్కువ భాగం తువ్వాల మీదే ఉంటే ఆ పూట రోగి తిననట్లే. వారానికోసారి బరువు చూడండి.
- ఏది పడింది? మంచినీళ్లు, పలుచని చారు, మజ్జిగ నోటిలో త్వరగా జారతాయి, అదుపు చేయడం కష్టం. చిక్కని జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం కొందరికి సులువు. పలుచని చారులో తేలే మెతుకులు మరీ కష్టం. ఏది ఎంత చిక్కగా ఇవ్వాలో డాక్టరును లేదా స్పీచ్ థెరపిస్టును అడగండి.
- ఎటువైపు తడిసింది? బలహీనమైన బుగ్గలో అన్నం నిలిచి ఉండవచ్చు. తిన్న తరువాత నోరు తెరిపించి చూసి శుభ్రం చేయండి.

తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, తిన్నాక మరో అరగంట అలాగే ఉంచండి. పడుకోబెట్టి తినిపించవద్దు. తల వెనక్కి వంచి గ్లాసు ఎత్తి పోయవద్దు. చిన్న ముద్ద పెట్టి, మింగాకే రెండోది పెట్టండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

తింటుండగా దగ్గు వస్తున్నా, తిన్నాక గొంతు నీళ్లు నిలిచినట్లు గరగరలాడుతున్నా, తరచుగా జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకండి. దగ్గు లేకుండా కూడా ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని గుర్తుంచుకోండి.

ఇంతకుముందు లేని చొంగ ఉన్నట్టుండి మొదలై, మూతి ఒక వైపుకు పోయి, చేయి పడిపోయి, మాట తడబడితే అది కొత్త పక్షవాతం కావచ్చు. నోటిలో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. లక్షణాలు మొదలైన సమయం రాసిపెట్టుకోండి.

మొదట చెప్పిన పెద్దాయన ఇంట్లో ఆరు గళ్ల తువ్వాలలు కుట్టుకున్నారు. వెల్‌క్రో ఎడమ చేతికి అందేలా పెట్టారు. తరువాతి పరీక్షకు వచ్చినప్పుడు తూకం మునుపటికన్నా పెరిగింది. ఇప్పుడు అన్నం వేళకు ఆయనే తువ్వాల తెచ్చుకుని, అందరితో కలిసి కూర్చుంటున్నారని కోడలు చెప్పింది.