కవలల్లో ఒకరికే ఎందుకీ అలసట?

ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఒకే కడుపున, ఒకే రోజు పుట్టిన కవలలు. అదే ముక్కు, అదే నవ్వు. ఒకే ఇంట్లో ఒకే కంచంలో తిని పెరిగారు. పెద్దయ్యాక ఒకామె పొద్దున్నే లేచి హుషారుగా ఉద్యోగానికి వెళ్తోంది. ఇంకొకామెకి మంచం దిగి స్నానం చేసి రావడమే గగనం. ఆ కాస్త పనికే ఆ పూట ఓపికంతా అయిపోతుంది. రాత్రంతా పడుకున్నా అలసట తీరదు. రక్తపరీక్షలు, స్కానింగులు... రిపోర్టులన్నీ నార్మల్!

ఇక మొదలవుతాయి మాటలు. ‘ఒళ్లు వంచడం ఇష్టం లేదు’ అని ఒకరు, ‘అంతా మనసులోనే ఉంది’ అని మరొకరు. జబ్బు కన్నా ఆ మాటలే ఎక్కువ బాధపెడతాయి.

ఈ జబ్బు పేరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. ఎంఈ అని కూడా పిలుస్తారు. ఆర్నెల్లు దాటినా వదలని నీరసం, నిద్రపోయినా తేరుకోకపోవడం, మతిమరుపు... ఇవన్నీ ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైన లక్షణం ఇంకొకటుంది. కాస్త శ్రమపడితే చాలు, మర్నాటికో ఆ మర్నాటికో మనిషి కుప్పకూలిపోతాడు. ఒక్క అమెరికాలోనే 8.36 లక్షల నుంచి 25 లక్షల మంది దీంతో బాధపడుతున్నారని అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో అంచనా వేసింది. జబ్బును తేల్చిచెప్పే రక్తపరీక్ష మాత్రం లేదు.

పోల్చాలంటే కవలలే

రోగిలో తేడా ఏమిటో తెలియాలంటే ఆరోగ్యవంతులతో పోల్చాలి. కానీ ఎవరితో? పక్కింటివాళ్లతో పోలిస్తే జన్యువులు వేరు, పెరిగిన తీరు వేరు. కనిపించిన తేడా జబ్బుదో, పుట్టుకతో వచ్చిందో ఎలా చెప్పగలం? ఒకే అండం నుంచి పుట్టిన కవలలైతే ఆ పేచీ ఉండదు. ఇద్దరి జన్యువులూ దాదాపు ఒకటే, చిన్నతనమూ ఒకటే.

అమెరికాలోని సియాటెల్ నగరంలో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకురాలు డెడ్రా బుక్‌వాల్డ్ బృందం సరిగ్గా ఇదే దారి పట్టింది. ఇద్దరిలో ఒక్కరికైనా విడవని అలసట ఉన్న 146 జతల మహిళా కవలల వివరాలను పరిశీలించి 2001లో ఫలితాలు వెల్లడించింది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఈ తరహా జబ్బు ఉంటే రెండోవారికీ ఉండటం 55 శాతం. వేర్వేరు అండాల నుంచి పుట్టినవారిలో అది 19 శాతమే. అంటే జన్యువుల పాత్ర ఉందన్నమాట. అలాగని అంతా వాటి చేతిలోనే లేదు. ఉంటే ఆ 55 కాస్తా 100 కావాలి కదా! మిగతాది జీవితంలో ఎదురైనవాటి ప్రభావం. అయితే పరిశీలించిన జతలు తక్కువే కాబట్టి ఈ అంకెల్ని కచ్చితమైన కొలతగా కాక ఒక సూచనగానే చూడాలి.

పరీక్షలకు చిక్కలేదు

తర్వాతి మెట్టు ఇంకా ఆసక్తికరం. ఒకరికి జబ్బు ఉండి, రెండోవారు ఆరోగ్యంగా ఉన్న 22 జతల కవలలను సియాటెల్‌కు రప్పించి రకరకాల పరీక్షలు చేశారు. మెదడుకు రక్తం అందే తీరు చూస్తే ఇద్దరిలోనూ ఒకేలా ఉంది. హెర్పిస్ కుటుంబం సహా అనేక వైరస్‌ల ఆనవాళ్లు వెదికినా చెప్పుకోదగ్గ తేడా లేదు. జబ్బుపడినవారు నిద్ర బాగా పట్టడం లేదని ఎక్కువగా చెప్పినా యంత్రంలో నమోదైన నిద్ర దాదాపు ఒకేలా ఉంది. విషయాన్ని గ్రహించి స్పందించే వేగంలో మాత్రం జబ్బున్నవారు వెనకబడ్డారు.

‘చూశారా, ఏమీ లేదు’ అనడానికి ఇది సాక్ష్యమా? కాదు. ఒకరు మంచాన ఉన్నారు, ఒకరు పనికి వెళ్తున్నారు. ఆ తేడా కళ్లముందే ఉంది. దాన్ని పట్టుకునే పరీక్షే చేతికి అందలేదు. పైగా వేరే ఎవరితోనో పోల్చి ‘ఇదే జబ్బుకి మూలం’ అని తొందరపడకుండా ఈ కవలలు శాస్త్రవేత్తల్ని కాపాడారు.

ఆ జన్యువుల జాడ ఇప్పుడిప్పుడే దొరుకుతోంది. బ్రిటన్‌లో డీకోడ్‌ఎంఈ అనే అధ్యయనం 15 వేల మందికి పైగా రోగుల డీఎన్‌ఏని పరిశీలించింది. జబ్బుతో సంబంధమున్న 8 జన్యు ప్రాంతాలను గుర్తించినట్టు 2025లో ప్రాథమిక ఫలితాలు ప్రకటించింది. వాటిలో కొన్ని రోగనిరోధక వ్యవస్థకూ, నాడీ వ్యవస్థకూ చెందినవి.

పూర్తిగా నయంచేసే మందు ఇంకా రాలేదు. కానీ ‘లేచి తిరిగితే అదే పోతుంది’ అనే సలహా మాత్రం మారింది. వ్యాయామాన్ని ఒక లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వొద్దని బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ 2021లో స్పష్టంచేసింది. ఉన్న ఓపికను జీతం డబ్బుల్లా నెలాఖరుదాకా పొదుపుగా వాడుకోవాలి. ఆ పొదుపులో ఇంట్లోవాళ్లు తోడుండాలి.

రిపోర్టు నార్మల్‌గా ఉందంటే మనిషి బాగున్నట్టు కాదు. ఇంట్లో ఎవరైనా ‘ఓపిక లేదు’ అంటే ముందు నమ్మాలి. తర్వాత డాక్టరుకు చూపించాలి. అలసటకు రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం లాంటి కారణాలూ ఉంటాయి. వాటికి చికిత్స ఉంది. బద్ధకం అనే ముద్రకే మందు లేదు!