ప్రియదర్శిని నుంచి బుజ్జి దాకా

‘కల్కి 2898 ఏడీ’ పేరులో ఆ అంకె ఎక్కడిదో తెలుసా? కృష్ణావతారం ముగిసి కలియుగం మొదలైంది క్రీస్తుపూర్వం 3102లో అని మన సంప్రదాయ గణన. అక్కడి నుంచి 6000 ఏళ్లు ముందుకొస్తే 2898. దర్శకుడు నాగ్ అశ్విన్ చెప్పిన లెక్కే ఇది. టికెట్టు కొనుక్కుని చూసే మామూలు ప్రేక్షకుణ్ణి నేను. నాకు ఇలాంటి లెక్కలంటే భలే ఇష్టం. జానపదమైనా సైన్స్ ఫిక్షనైనా, కథ తన లోకానికి ఓ కట్టుబాటు పెట్టుకుని దాన్ని తప్పకుండా నడిస్తే ఎంతటి వింతనైనా నమ్మేస్తాం.

కల్కిలో కాశీ అలాంటి లోకమే. గంగ ఎండిపోయింది. నీళ్లూ పచ్చదనమూ పైన వేలాడే కాంప్లెక్స్‌లోనే ఉన్నాయి. అందులో అడుగుపెట్టాలంటే పది లక్షల యూనిట్లు కావాలి. హీరో భైరవ ఎందుకంత స్వార్థపరుడో ఆ ఒక్క అంకెతో అర్థమైపోతుంది. రామ్ గోపాల్ వర్మ, రాజమౌళి లాంటి అతిథులు వరసగా వచ్చినప్పుడు మాత్రం ఆ లోకంలోంచి బయటపడి తెలిసిన ముఖాలు చూసుకుంటూ కూర్చుంటాం. ఆ హడావుడి తగ్గించి కాశీ వీధుల్ని ఇంకాసేపు చూపించాల్సింది.

భైరవ బండి బుజ్జి గ్రాఫిక్స్‌తో పుట్టిన బొమ్మ కాదు. మహీంద్రా, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ సాయంతో నిజంగానే తయారుచేశారు. బరువు దాదాపు 6 టన్నులు. గొంతు కీర్తి సురేశ్‌ది. తెర మీద ఆ బండికి అంత నిండుదనం రావడానికి, నా మటుకు నాకు, ఆ బరువే కారణం.

ఇంకో విశేషం నాకు మరీ ముచ్చటగా ఉంటుంది. కల్కి బృందానికి మార్గదర్శకుడిగా నిలిచిన సింగీతం శ్రీనివాసరావు 1991లో టైమ్ మిషన్ కథతో ‘ఆదిత్య 369’ తీశారు. అంతకుముందు, 1957 నాటి ‘మాయాబజార్’కి కె.వి.రెడ్డి దగ్గర సహాయ దర్శకుడు. ఘటోత్కచుడి మాయలను, టైమ్ మిషన్‌ను, కల్కిని కలిపే దారం ఒకే మనిషి!

మాయాబజార్‌లో ప్రియదర్శిని పేటికను గుర్తు తెచ్చుకోండి. తెరిచినవాళ్లకు ఏది ప్రాణప్రదమో అదే కనిపించాలి. అందుకే శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు. సత్యపీఠం ఎక్కినవాడు నిజమే చెప్పాలి, శకునికీ మినహాయింపు లేదు. ఎంత పకడ్బందీ నియమాలో చూడండి. నవ్వు, కథ, మనుషుల గుణం మూడూ వాటిలోంచే పుట్టాయి. ఇప్పటి దర్శకులు ఈ సినిమాను ట్రిక్ షాట్ల కోసమే కాక ఈ నియమాల కోసం కూడా చూడాలని నా కోరిక.

ఆదిత్య 369కి ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు: పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్. బాలకృష్ణ 1526లో రాయల కొలువుకీ 2504 నాటి భవిష్యత్తుకీ వెళ్లొస్తాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో వజ్రం దొంగతనాన్ని కళ్లారా చూసిన పిల్లాడు తర్వాత హీరో అయిన తరుణే. ఈ సినిమా 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదలైంది. భవిష్యత్తు సెట్లు పాతబడ్డాయి గానీ రాయల కొలువు మాత్రం ఇప్పటికీ కొత్తగానే ఉంది.

‘హను-మాన్’లో తేజ సజ్జాకు శక్తి పగటి వేళే. చీకటి పడితే మామూలు కుర్రాడు. ఆ హద్దు ఉండబట్టే అతని కోసం భయపడతాం. కోతి కోటికి గొంతిచ్చింది రవితేజ. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో జాతీయ పురస్కారం ఈ సినిమాకే దక్కింది. అదే తేజ 2025లో చేసిన ‘మిరాయ్’లో అశోకుడి తొమ్మిది గ్రంథాల ఊహ బాగుంది, ఆ గ్రంథాల్లో ఏముందో ఇంకాస్త చెప్పుంటే మరీ బాగుండేది.

వీటన్నిటిలో నన్ను ఏడిపించింది ‘ఒకే ఒక జీవితం’. 2019 నుంచి 1998కి వెళ్లిన కొడుకు అమ్మను చూస్తాడు. అమల ఆ అమ్మ. గ్రాఫిక్స్ తక్కువే, శర్వానంద్ ముఖం చాలు.

రాకెట్లు లేచే శ్రీహరికోట మన నేల మీదే ఉంది. అయినా వ్యోమనౌక ఎక్కిన తెలుగు కథ అంటే నాకు వెంటనే తోచేది 2018లో సంకల్ప్ రెడ్డి తీసిన ‘అంతరిక్షం 9000 కెఎంపీహెచ్’ ఒక్కటే. స్వర్గానికీ పాతాళానికీ ఇన్నిసార్లు వెళ్లొచ్చాం కదా, తర్వాతి ప్రయాణం అంతరిక్షానికి కావాలి.