ఒంటికాలి మీద అడిగిన ప్రశ్న

ఇజ్రాయెల్ పేరు రోజూ వార్తల్లో వినిపిస్తుంది. యూదు ధర్మం మనిషిని ఎలా బతకమంటుందో మాత్రం మనలో చాలామందికి తెలియదు. తొలిసారి అటు తొంగిచూసినవారికి ఎదురయ్యేది సాటి మనిషి గురించి తీరిగ్గా, లోతుగా ఆలోచించిన ఒక ప్రపంచం.

రెండు వేల ఏళ్ల కిందటి మాట. ఓ అన్యమతస్థుడు షమ్మాయి అనే గురువు దగ్గరికి వెళ్లి, తాను ఒంటికాలి మీద నిలబడి ఉండగానే ధర్మశాస్త్రమంతా చెప్పేస్తే యూదుడిగా మారతానన్నాడు. షమ్మాయికి ఒళ్లు మండింది. చేతిలోని కొలకర్రతో తరిమేశాడు. ఆ మనిషి నేరుగా హిల్లెల్ అనే మరో గురువు ముందుకెళ్లి అదే అడిగాడు. హిల్లెల్ విసుక్కోలేదు. మనకు గిట్టనిది ఎదుటివారికి చేయకపోవడమే శాస్త్రమంతా అనీ, మిగిలిందంతా దానికి వ్యాఖ్యానమనీ చెప్పి, ఇక వెళ్లి చదువుకోమన్నాడు. యూదు గురువుల చర్చలను కూర్చిన తాల్ముద్ అనే గ్రంథంలోని కథ ఇది. తిక్కన భారతంలో ఇదే భావమున్న పద్యాన్ని బడిలో చదువుకున్న మనకు హిల్లెల్ మాట పాత చుట్టంలాగే అనిపిస్తుంది.

అసలు విశేషం ఆ వ్యాఖ్యానంలోనే ఉంది.

పొలం మూల పేదలది

రైతు తన చేను మూలలు కోయకూడదంటుంది యూదుల ధర్మశాస్త్రమైన తోరా. ఆ పంట పేదలకూ పరదేశులకూ వదిలేయాలి. చేలో మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లకూడదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మ సంకలనం, మూలల్లో వదిలే పంట 60వ వంతుకు తగ్గరాదని కొలత కూడా పెట్టింది. అంటే దానం ఇచ్చేవారి మనసును బట్టి ఉండదు, అది తీర్చాల్సిన బాకీ. దానం మీద బతికేవారు సైతం తమకు చేతనైనంత ఇవ్వాల్సిందే.

స్పెయిన్‌లో పుట్టి, ఈజిప్టులో వైద్యుడిగా స్థిరపడిన 12వ శతాబ్ది పండితుడు మైమోనిడీస్ దానాన్ని 8 మెట్లుగా విభజించాడు. ముఖం మాడ్చుకుని ఇచ్చేది అట్టడుగు మెట్టు. ఇచ్చినవారెవరో, పుచ్చుకున్నవారెవరో ఒకరికొకరు తెలియకుండా ఇవ్వడం పైనుంచి రెండోది. అప్పిచ్చో, వ్యాపారంలో కలుపుకొనో, పని చూపించో మనిషి మళ్లీ చేయి చాచకుండా నిలబెట్టడం అన్నిటికన్నా పైది.

ఉపవాసంతో పోని తప్పు

యోమ్ కిప్పూర్ నాడు యూదులు సుమారు 25 గంటలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. దేవుడి పట్ల చేసిన అపరాధాలకు ఆ రోజు పరిహారం దొరుకుతుంది. పొరుగువాడికి చేసిన అన్యాయం మాత్రం, అతణ్ని సమాధానపరచనంతవరకు అలాగే ఉంటుంది. అందుకే ఆ పండుగకు ముందు రోజుల్లో బంధువులూ స్నేహితులూ ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు.

శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా పాటించే షబ్బత్ విశ్రాంతి యజమానితో ఆగదు. పనివారికీ, పశువులకూ అదే హక్కు. అయితే ప్రాణం మీదికొస్తే నియమం పక్కకు జరగాల్సిందే. నొప్పులు వస్తున్న గర్భిణిని ఆ రోజు బండి నడిపి ఆసుపత్రికి తీసుకెళ్లడం దోషం కాదు, విధి.

ఓడిన వాదానికీ చోటు

దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదు. ఈ నమ్మకంలో రాజీ లేదు. ఆచరణ దగ్గర మాత్రం ఎంత వాదించినా తప్పు లేదు. తాల్ముద్ నెగ్గిన అభిప్రాయంతో పాటు వీగిపోయినదాన్నీ భద్రపరిచింది. హిల్లెల్ శిష్యుల తీర్పులే ఎందుకు చెల్లుబాటయ్యాయో కూడా అదే చెబుతుంది: వారు సౌమ్యులు, ప్రత్యర్థులైన షమ్మాయి శిష్యుల వాదనను తమ వాదన కన్నా ముందు వినిపించేవారు.

ఈ మతం ఎవరినీ రమ్మని పిలవదు. మారతామని వచ్చినవారిని కూడా తొందరపడొద్దని వెనక్కి పంపడం రబ్బీల, అంటే యూదు మతగురువుల, పాత సంప్రదాయం. హత్య, దొంగతనం చేయకుండా, న్యాయస్థానాలు నెలకొల్పుకుని, ఇలా 7 మౌలిక నియమాలు పాటిస్తే యూదేతరులూ సజ్జనులే.

మనవారికి ఇదంతా మరీ దూరపు సంగతి కాదు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం తెలుగులో మాట్లాడుకుంటూ యూదు ఆచారాలు పాటిస్తోంది. కొచ్చి మట్టాంచేరిలో 1568లో కట్టిన యూదుల ప్రార్థనాలయం, పరదేశి సినగాగ్, నేటికీ నిలిచి ఉంది. అటు వెళ్లేవారు చూసి రండి. వెళ్లేముందు తెరిచే రోజులు కనుక్కోండి, శనివారం సందర్శకులకు తెరవరు.