రెండు లక్షల గిటార్.. పాతికవేల జీతం

మీ ఫోన్‌లో నెలల తరబడి మూయకుండా ఉంచిన ట్యాబ్ ఒకటి ఉండే ఉంటుంది. ఒకరికి అది బుల్లెట్ బండి, ఇంకొకరికి గ్రాఫిక్స్ కార్డు, మరొకరికి కెమెరా లెన్సు. ఆప్టిట్యూడ్ లెక్కలు చేస్తూ చేస్తూ మధ్యలో ఓసారి అందులోకి వెళ్తారు. ధరేమైనా తగ్గిందా అని చూస్తారు. తగ్గదు. మళ్లీ 'కాలం - పని' లెక్కల్లోకి వచ్చేస్తారు.

నా ట్యాబ్‌లో ఉన్నది బేస్ గిటార్. కెనడాలోని సస్కటూన్ నగరంలో డింగ్‌వాల్ అనే చిన్న కంపెనీ ఉంది, దాని సరుకు. బీటెక్ మూడో ఏడాదిలో హాస్టల్ మంచం మీద పడుకుని ఓ వీడియోలో మొదటిసారి చూశాను. ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ట్యాబ్ అలాగే ఉంది. ధర, రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ అన్నీ వేస్తే రెండు లక్షలు దాటుతోంది. కోరికలు చంపుకుని కెరియర్ మీద దృష్టి పెట్టమని చెప్పడానికి ఇది రాయట్లేదు. నాకు అలా చెప్పినవాళ్ల మాట నేనూ వినలేదు. అంత కోరికను పెట్టుకుని ఉద్యోగాల వేటలో ఉన్నప్పుడు దాంతో ఏం చేయొచ్చో, మొదటి జీతం రాకముందే దేని జోలికి వెళ్లకూడదో మాట్లాడుకుందాం.

మెట్లు ఎందుకు వంకర?

ముందు ఆ వస్తువేంటో చూద్దాం. బేస్ గిటార్ అంటే పాటలో అడుగున నడిచే బరువైన స్వరం. ఇళయరాజా పాటల్లో పల్లవి కింద ఇంకో పాట నడుస్తున్నట్టు ఉంటుందే, అదే. రెహమాన్ పాటలకు కీత్ పీటర్స్ ఏళ్ల తరబడి వాయించింది ఈ వాద్యమే. చాలామంది దాన్ని విడిగా గుర్తుపట్టరు గానీ తీసేస్తే పాట బోసిపోతుంది.

గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలను ఫ్రెట్లు అంటారు. వీణకైతే మనం మెట్లు అంటాం. మామూలు గిటార్‌కు ఇవి నిచ్చెన మెట్లలా ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. నేను చెబుతున్న గిటార్‌కు మాత్రం విసనకర్ర ఈనెల్లా విచ్చుకుని ఉంటాయి. మధ్యలో ఒక్క మెట్టు తిన్నగా ఉంటుంది. దానికి ఇటువైపువి ఇటు, అటువైపువి అటు వాలిపోతాయి. అందుకే ఫ్యాన్డ్ ఫ్రెట్ అన్నారు, మల్టీస్కేల్ అని కూడా అంటారు. మొదటిసారి చూసిన మా రూమ్మేట్ 'డిఫెక్ట్ పీస్ ఏమో, రిటర్న్ ఇచ్చేయరా' అన్నాడు, నేను కొన్నానేమో అనుకుని.

దీని వెనక ఉన్నది ఇంటర్ ఫిజిక్స్. సాగదీసిన తీగల కంపనాల పాఠం గుర్తుందా? తీగ ఎంత పౌనఃపున్యంతో మోగుతుందన్నది దాని పొడవు, బిగువు, బరువు.. ఈ మూడింటి మీద ఆధారపడుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన మెర్సెన్ 17వ శతాబ్దంలోనే చెప్పిన నియమాలివి. ఎంసెట్‌కు సూత్రం బట్టీపట్టి, పరీక్ష హాల్లోంచి బయటికి రాగానే మర్చిపోయేవాళ్లం. ఇక్కడ దానికి పని పడింది.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా మంద్రమైనది 'ఈ' తీగ. సెకనుకు సుమారు 41 కంపనాలు. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ తీగ పొడవు 34 అంగుళాలు. ఇప్పటికీ ఎక్కువ బేస్‌లది అదే కొలత. ఐదు తీగల బేస్‌లో 'ఈ' కన్నా కింద 'బి' తీగ వస్తుంది. సెకనుకు దాదాపు 31 కంపనాలు. పొడవు మార్చకుండా అదే 'ఈ' తీగను 'బి'కి దించితే బిగువు 56 శాతానికి పడిపోతుంది. బట్టలారేసిన తాడులా వేలాడుతుంది. అందుకని లావుపాటి తీగ వేస్తారు. లావు పెరిగేకొద్దీ అది తీగలా కాకుండా కడ్డీలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. దాని అతిస్వరాలు ఉండాల్సిన చోటు నుంచి కాస్త పైకి జరుగుతాయి. 31 కంపనాల మూలస్వరాన్ని మామూలు స్పీకర్లు సరిగా పలకలేవు, మన చెవికీ అంతంత మాత్రమే. అతిస్వరాలను బట్టే అది ఏ స్వరమో పోల్చుకుంటాం. అవే పక్కకు జరిగితే మిగిలేది గుయ్యిమనే రొద.

ఇక మిగిలిన దారి పొడవు పెంచడం. అన్ని తీగలనూ పెంచేస్తే పైనున్న సన్నతీగల సొంపు పోతుంది, వేళ్లకూ కష్టం. కాబట్టి ఒక్కో తీగకు ఒక్కో పొడవు ఇచ్చారు. డింగ్‌వాల్ ఐదు తీగల మోడళ్లు చాలావాటిలో 'బి' 37 అంగుళాలు. అక్కడి నుంచి తీగకు ముప్పావు అంగుళం చొప్పున తగ్గుతూ 'జి' దగ్గరికి వచ్చేసరికి 34. అదే తీగను అదే స్వరానికి 34 బదులు 37 అంగుళాల మీద కట్టి చూస్తే బిగువు 18 శాతం పెరుగుతుంది. తీగల పొడవులు వేరైనప్పుడు మెట్లు వాలక తప్పదు. గ్రాండ్ పియానో మూత ఎత్తి చూసినా ఇదే సంగతి కనిపిస్తుంది. మంద్రస్వరాల తీగలే అన్నిటికన్నా పొడవు.

ఆలోచన కొత్తదేం కాదు. 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఓర్ఫారియన్ అనే తీగవాద్యానికి మెట్లు ఇలాగే ఏటవాలుగా ఉండేవి. తర్వాత అది మరుగున పడింది. అమెరికాలో గిటార్లు తయారుచేసే రాల్ఫ్ నొవాక్ 1989లో దీనికి పేటెంట్ పొందాడు. షెల్డన్ డింగ్‌వాల్ ఆ పద్ధతిని బేస్ గిటార్లకు పట్టుకొచ్చాడు. ఇప్పుడు ఐబానెజ్, కార్ట్ లాంటి కంపెనీలూ మల్టీస్కేల్ బేస్‌లు అమ్ముతున్నాయి. నొవాక్ పేటెంట్ పత్రం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నా జీవితంలో మొదటి నుంచి చివరిదాకా చదివిన మొదటి పేటెంట్ అదే. కాలేజీలో మేధోసంపత్తి హక్కుల మీద సెమిస్టరంతా పాఠం విన్నాను. 'క్లెయిమ్' అంటే ఏంటో అర్థమైంది మాత్రం ఇక్కడే.

రెజ్యూమేలో ఒక లైన్

చూశారుగా, ఒక వస్తువు మీద ఆశ ఎంత దూరం లాక్కెళ్లిందో. మూడో ఏడాది వేసవి సెలవుల్లో పైతాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. తీగల పొడవులు ఇస్తే ఒక్కో మెట్టు ఎక్కడ రావాలో లెక్కేసి, బొమ్మ గీసి ఇస్తుంది. దాన్ని ప్రింట్ తీసి, అట్టముక్కకు అంటించి, గిటార్ మెడలా పట్టుకుని వేళ్లు ఆనించి చూసేవాణ్ని. మా అమ్మ ఏమనుకుందో ఇప్పటికీ అడగలేదు.

నాలుగో ఏడాదిలో హైదరాబాద్‌లోని ఓ చిన్న ప్రొడక్ట్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. రెజ్యూమేలో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఉంది. మా బ్యాచ్‌లో సగం మంది రెజ్యూమేల్లో అదే ఉంది. ఇంటర్వ్యూ చేస్తున్నాయన దాన్ని దాటేసి, కింద చివర్లో ఉన్న ఫ్రెట్ లెక్కల ప్రోగ్రాం దగ్గర ఆగాడు. ఇరవై నిమిషాలు దాని మీదే. 'తిన్నగా ఉండే మెట్టు ఏడోది కాకుండా తొమ్మిదోది చేస్తే నీ కోడ్‌లో ఏం మారుతుంది?' అని అడిగాడు. జవాబు చెప్పాను. తీగ మీద మెట్ల దూరాలేవీ మారవు, ఒక తీగతో పోల్చితే పక్క తీగ ఎంత ముందుకో వెనక్కో జరుగుతుందన్నదే మారుతుంది. ఉద్యోగం దానివల్లే వచ్చిందని చెప్పను, కోడింగ్ రౌండూ బాగానే చేశాను. కానీ ఆ ఇరవై నిమిషాలు చెమటలు పట్టకుండా గడిచాయి. ఎవరో ఇచ్చిన ప్రాజెక్టు గురించి అడిగితే జ్ఞాపకం నుంచి చెబుతాం. మనకు కావాలనిపించి చేసిన పని గురించి అడిగితే తెలిసి చెబుతాం. ఎదుటివాళ్లకు ఆ తేడా రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

మీ ట్యాబ్‌లో ఉన్నది బండి అయితే దాని ఇంజిన్, గ్రాఫిక్స్ కార్డయితే దాని మెమరీ.. వెతికితే ప్రతిదాంట్లో ఇలాంటి ప్రశ్న ఒకటి దొరుకుతుంది. కొనడానికి డబ్బు కావాలి. విప్పి చూడ్డానికి సెలవులు చాలు.

ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చే ఫోన్‌కాల్

ఇప్పుడు అసలు డబ్బు సంగతి. ఆఫర్ లెటర్ వచ్చిన కొద్దిరోజులకే క్రెడిట్ కార్డుల వాళ్లు ఫోన్ చేస్తారు. లోన్ యాప్‌లు 'మీకు ఇప్పటికే మంజూరైంది' అంటాయి. అప్పటిదాకా అందనంత దూరంలో ఉన్న వస్తువు ఒక్కసారిగా బొటనవేలి దూరంలోకి వస్తుంది. లెక్కేద్దాం. రెండు లక్షలు, 15 శాతం వడ్డీ, 24 నెలలు అనుకుంటే నెలకు కట్టాల్సింది సుమారు 9,700. మొత్తమ్మీద వడ్డీయే 32 వేలు దాటుతుంది. ఏడాదికి 3.6 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 30 వేలని ఇంట్లో వాళ్లు అనుకుంటారు. పీఎఫ్, గ్రాట్యుటీ వగైరా పోగా నా చేతికి వచ్చింది పాతికవేలు. అందులోంచి 9,700 తీసేసి, పీజీ అద్దె కట్టి చూడండి.

'నో కాస్ట్ ఈఎంఐ' ఉంది కదా అంటారు. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఎక్కడో ఓ చోట ఉంటుంది. వదులుకున్న డిస్కౌంట్‌లోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో, దాని మీద జీఎస్‌టీలోనో.

ఇంతకన్నా ముఖ్యమైనది జాయినింగ్ తేదీ. 2022 బ్యాచ్ వాళ్లలో కొందరు ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని ఏడాదికి పైగా ఎదురుచూశారు. లెటర్ జీతం కాదు. ఈఎంఐ మాత్రం ఐదో తేదీ అంటే ఐదో తేదీనే. విద్యారుణం తీసుకున్నవాళ్లకైతే ఇంకో చిక్కు. కోర్సు కాలం, ఆపై సాధారణంగా ఏడాది వరకు వాయిదాలు ఉండవు గానీ వడ్డీ లెక్క ఆగదు. సాఫ్ట్‌వేర్ వద్దనుకుని బ్యాంకు పరీక్షలకు చదువుతున్నవాళ్లు మరీ జాగ్రత్త. రుణాలు, క్రెడిట్ కార్డు బాకీలు ఎగ్గొట్టిన రికార్డు ఉంటే నియామకానికి అర్హత లేదని ఎస్‌బీఐ నోటిఫికేషన్లలో స్పష్టంగా ఉంటుంది. గిటార్ కోసం చేసిన అప్పు రాసి పాసైన పరీక్షకు అడ్డం రావడం కన్నా అన్యాయం ఏముంటుంది?

నేను నెలకు మూడువేలతో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. వడ్డీ కలపకుండా చూస్తే ఆ లెక్కన రెండు లక్షలకు ఐదేళ్ల పైమాటే. అక్క పెళ్లప్పుడు ఒకసారి ఖాళీ అయింది, మళ్లీ మొదలైంది. ఈలోపు ఏం చేశానంటే, నా దగ్గరున్న పాత నాలుగు తీగల బేస్‌కు ఐదు తీగల సెట్‌లోంచి లావుగా ఉండే నాలుగూ కట్టాను. 'జి' పోయింది, 'బి' వచ్చింది. నట్ గాళ్లు కొంచెం అరగదీయాలి, మెడ బిగువు సరిచేయాలి. తెలిసినవాళ్లతో చేయించుకుంటే తీగలతో కలిపి కొన్ని వేలల్లో అయిపోయే పని. 34 అంగుళాల మీద ఆ 'బి' మసకగానే మోగింది. కానీ ఓ విషయం తేలింది. మా బ్యాండ్ వాయించే ఇరవై పాటల్లో ఆ తీగ నిజంగా అవసరమైనవి మూడే మూడు.

అలాగని అందని ద్రాక్ష పుల్లన అనను. కిందటేడాది ఓ రికార్డింగ్ స్టూడియోలో అసలు వస్తువు ఓ అరగంట చేతికి దొరికింది. ఐదు నిమిషాల్లో ఎడమచేయి వంకర మెట్లకు అలవాటు పడిపోయింది. 'బి' తీగ మీటితే గంట కొట్టినట్టు స్పష్టంగా పలికింది. ఇన్నేళ్లు కాగితం మీద వేసుకున్న లెక్క చెవికి వినిపించింది. ఆ మూడు పాటల కోసం రెండు లక్షలు పెట్టాలా అంటే, పెడతాను. డిపాజిట్ పూర్తయ్యాక.

ఈ ఆదివారం ఖాళీ దొరికితే ఆ ప్రోగ్రాం మీరూ రాసి చూడండి, పది లైన్లు దాటదు. తీగ మొత్తం పొడవును మొదట 'మిగిలిన పొడవు'గా తీసుకోండి. ఒక్కో మెట్టుకూ దాన్ని 1.05946తో భాగిస్తూ పోండి. మొత్తం పొడవులోంచి మిగిలినది తీసేస్తే ఆ మెట్టు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. 34 అంగుళాల తీగకోసారి, 37 అంగుళాల తీగకోసారి నడపండి. పన్నెండో మెట్టు దగ్గర 17, 18.5 రావాలి. రాకపోతే లూప్ ఒకసారి ఎక్కువో తక్కువో తిరిగి ఉంటుంది.