మిరప ముడత: మందు కొనే ముందు ఆకు తిరగేసి చూడండి

మిరప ఆకు ముడుచుకుంటే చాలు, రైతు మందుల కొట్టుకు పరుగెత్తుతాడు. కొట్టు యజమాని ఏ డబ్బా చేతికిస్తే అదే మందు. ముడతలో రకాలున్నాయని ఆయన చెప్పడు. చెబితే మూడు డబ్బాల చోట ఒక్కటే అమ్ముడుపోతుంది మరి!

ఆకు అంచులు పైకి లేచి పడవలా అయ్యాయంటే తామరపురుగు పని. అది పైముడత. అంచులు కిందికి వంగి, తిరగేసిన పడవలా అయి, కాడ సాగి, ఆకు ముదురాకుపచ్చగా మారితే నల్లి. ఇది కింది ముడత. నల్లి పురుగు కాదు, సాలీడు జాతి. మామూలు పురుగుమందులకు లొంగదు. పైగా పైరిత్రాయిడ్ మందులు కొడితే దాన్ని తినే మేలు పురుగులు చచ్చి, నల్లి ఇంకా పెచ్చరిల్లుతుంది. దీనికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఎండ ముదిరాక వద్దు. ఇక ఆకులు చిన్నవై, పసుపుబారి, మొక్క గిడసబారితే వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. పట్టిన మొక్కకు మందే లేదు, పీకి తగలెయ్యాల్సిందే.

2021లో గుంటూరు, ఖమ్మం తోటలను ముంచిన నల్ల తామరపురుగు పూతలో దాగుతుంది. ఆకులే చూస్తూ కూర్చుంటే దొరకదు. పూవును తెల్లకాగితం మీద దులిపితే కనిపిస్తుంది.

స్ప్రేయరు మోసేది మాత్రం కూలీ. పనికిరాని మందు కొట్టించినా ఆ ఆవిరి పీల్చేది అతనే. మాస్కు, చేతి తొడుగులు ఇవ్వందే ట్యాంకు ఎత్తమని కూలీలు గట్టిగా చెప్పాలి. ఏ మందు, ఏ పురుగుకు అని కూడా అడగాలి.