ఆయా చేతికి కెమెరా వస్తే...

పిల్లల్ని సాకే చేతులకు మరో పని రాదనుకుంటారు చాలామంది. కానీ పరాయి ఇంటి పసివాళ్ల వెనక తిరిగిన ఏళ్లే పెట్టుబడిగా ఒకామె ఫొటోగ్రాఫరైంది. మరొకామె రచయిత్రి అయింది.

ఆదివారం పొద్దున హాంకాంగ్‌లోని సెంట్రల్‌ ప్రాంతానికి వెళితే ఓ వింత దృశ్యం కనిపిస్తుంది. ఆకాశాన్నంటే బ్యాంకు భవనాల కింద, కాలిబాట వంతెనల మీద అట్టముక్కలు పరుచుకుని వేలమంది ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. డబ్బాల్లో తెచ్చుకున్న అన్నం పంచుకుంటారు. ఊళ్లో వదిలొచ్చిన పిల్లలతో ఫోన్లో కబుర్లు చెబుతారు. ఎక్కువమంది ఫిలిప్పీన్స్‌ నుంచో ఇండొనేషియా నుంచో వచ్చి ఇళ్లలో పనిచేస్తున్నవాళ్లే. యజమాని ఇంట్లోనే ఉండాలన్నది అక్కడి నిబంధన. వారానికి ఒక్కరోజే సెలవు. ఆ రోజు గడపడానికి సొంత గదంటూ ఉండదు, అందుకే రోడ్డున పడతారు.

వాళ్ల మధ్యే తిరుగుతూ కెమెరా పట్టడం నేర్చుకుంది జైజా క్రూజ్‌ బకానీ.

పుట్టింది 1987లో, ఫిలిప్పీన్స్‌లోని నువా విజ్కాయా అనే కొండప్రాంతంలో. ఎనిమిదేళ్లప్పుడు తల్లి ఇంటి పనికోసం విదేశం వెళ్లిపోయింది. అమ్మ పంపే డబ్బు వచ్చేది, అమ్మ వచ్చేది కాదు. పెద్దపిల్ల కావడంతో తన తర్వాతివాళ్లకు జైజానే అమ్మయింది. ఈ కథ కోనసీమ పల్లెల్లోనో, కడప, రాయచోటి వైపో చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. కువైట్‌లో పరాయి పిల్లలకు గోరుముద్దలు తినిపిస్తూ, సొంత బిడ్డల్ని అమ్మమ్మల దగ్గర వదిలిన తల్లులు అక్కడ వీధికొకరుంటారు.

పంతొమ్మిదో ఏట జైజా కూడా హాంకాంగ్‌ చేరింది. అమ్మ పనిచేస్తున్న ఇంట్లోనే పనికి కుదిరింది. వంట, ఇల్లు తుడవడం, పిల్లల్ని చూసుకోవడం... దాదాపు పదేళ్లు అదే లోకం. కెమెరా కొనాలన్న కోరిక పుట్టినప్పుడు చేతిలో డబ్బు లేదు. యజమానురాలినే అప్పు అడిగింది. ఆవిడ కాదనకుండా ఇచ్చింది. కాదని ఉంటే ఏమయ్యేదో!

చూడటం తెలిసిన పని

ఫొటోగ్రఫీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. సెలవు రోజుల్లో, పని మీద బయటికి వెళ్లినప్పుడు, దొరికిన కాసేపట్లో నలుపు తెలుపుల్లో వీధుల్ని తీసుకుంటూ పోయింది. కానీ అసలు శిక్షణ ఇంట్లో ఎప్పుడో మొదలైందనిపిస్తుంది. పిల్లల్ని పెంచినవాళ్లకు ఒకటి తెలుసు. బిడ్డ ఏడవకముందే పెదవి విరిచే తీరు చూసి ఏడుపు వస్తోందని పసిగట్టాలి. నిద్రపోయేదాకా కదలకుండా కూర్చోవాలి. ఇక నాలుగ్గోడల మధ్య అందరి మాటలూ వింటూ, ఎవరికీ అడ్డు రాకుండా ఉండటం ఆయాకు అలవాటైపోతుంది. ఆమె గదిలో ఉందన్న సంగతే పెద్దవాళ్లు మర్చిపోతారు. అవతలివాళ్లు మర్చిపోయేంత నిశ్శబ్దంగా నిలబడటం వీధి ఫొటోగ్రాఫర్‌కు ఎంత అవసరమో వేరే చెప్పాలా!

ఇంకో మేలూ జరిగింది. హాంకాంగ్‌లో యజమానుల చేతిలో దెబ్బలు తిని, జీతాలు అందక బయటపడ్డ పనివాళ్లకు బెతూన్‌ హౌస్‌ అనే ఆశ్రయం ఉంది. అక్కడివాళ్లను జైజా ఫొటోలు తీసింది. పత్రికల వాళ్లొస్తే ముఖం తిప్పుకునే ఆడవాళ్లు తమలాంటి అమ్మాయి ముందు మనసు విప్పడంలో వింతేముంది?

ఫేస్‌బుక్‌లో పెట్టిన ఆమె చిత్రాలు ఫిలిప్పీన్స్‌ మూలాలున్న సీనియర్‌ ఫొటోగ్రాఫర్‌ రిక్‌ రొకమోరా కంటపడ్డాయి. ఆయన చొరవతో 2014లో అవి న్యూయార్క్‌ టైమ్స్‌ దాకా వెళ్లాయి. 2015లో మాగ్నమ్‌ ఫౌండేషన్‌ మానవ హక్కుల ఫెలోషిప్‌ వచ్చింది. ఆయాగా వచ్చిన అమ్మాయి ఫొటోగ్రాఫర్‌గా న్యూయార్క్‌ విమానం ఎక్కింది.

వినడానికి సినిమా కథలా ఉంది కదూ! కానీ ఆ దారి అంత తేలికైంది కాదు. ఇంటి పనికోసం ఇచ్చే వీసా మీద హాంకాంగ్‌లో మరో ఉద్యోగం చేయకూడదు. మిగతా విదేశీయులు ఏడేళ్లుంటే శాశ్వత నివాసం అడగొచ్చు. ఇంటి పనివాళ్లు ఎన్నేళ్లున్నా అది వర్తించదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2013లో తేల్చేసింది. అంటే ప్రతిభ ఉన్నా, దాంతో అక్కడే బతకడానికి తలుపు మూసి ఉన్నట్టే. అప్పిచ్చిన యజమానురాలు, చిత్రాల్ని గుర్తించిన పెద్దమనిషి, బయటి దేశం నుంచి వచ్చిన ఫెలోషిప్‌... ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా కథ అక్కడే ఆగేది.

అక్కకో చెల్లికో రాసినట్టు...

ఇంగ్లండ్‌కు చెందిన నీనా స్టిబ్‌కు ఇన్ని అడ్డంకుల్లేవు. 1982లో ఇరవై ఏళ్ల వయసులో లండన్‌ వచ్చి, మేరీ కే విల్మర్స్‌ అనే సంపాదకురాలి ఇద్దరు కొడుకుల్ని చూసుకునే పనిలో చేరింది. వంట అంతంత మాత్రం. రాత్రి భోజనాల వేళకు పక్కింటి నాటక రచయిత ఎలన్‌ బెనెట్‌ వచ్చి కూర్చునేవాడు. బల్ల దగ్గర ఎవరేమన్నారో పొల్లుపోకుండా తోబుట్టువుకు ఉత్తరాలు రాసేది నీనా. పిల్లల గొడవలు, మాడిన కూరలు, పెద్దవాళ్ల గొప్పలు అన్నీ అందులోనే. అవి 2013లో ‘లవ్‌, నీనా’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. 2016లో బీబీసీ సీరియల్‌గా తీసింది. ఆ తర్వాత ఆమె వరుసగా నవలలు రాసింది. ముప్పై ఏళ్ల నాటి ఉత్తరాలు దాచిన ఆ తోబుట్టువుకే సగం పుణ్యం దక్కాలి.

అందరికీ ఆ అదృష్టం పట్టదు. షికాగోలో దాదాపు నలభై ఏళ్లు ఆయాగా పనిచేసిన వివియన్‌ మేయర్‌ పిల్లల్ని షికారు తీసుకెళ్తూ, మెడలో కెమెరాతో లక్షకు పైగా చిత్రాలు తీసింది. దాదాపు ఎవరికీ చూపలేదు. అద్దె కట్టలేక వదిలేసిన సామాన్లతోపాటు 2007లో అవీ వేలానికి పోయాయి. 2009లో ఆమె చనిపోయాకే ప్రపంచం ఆ చిత్రాల్ని చూసి ముక్కున వేలేసుకుంది.

జైజా మాత్రం తన పేరుతోనే 2018లో పుస్తకం తెచ్చింది. పేరు ‘వియ్‌ ఆర్‌ లైక్‌ ఎయిర్‌’. అంటే ‘మేం గాలిలాంటివాళ్లం’ అని. గాలి లేకపోతే ఊపిరాడదు, ఉన్నా కంటికి కనిపించదు. ఆ పుస్తకంలో వలస వచ్చిన ఎందరో ఆడవాళ్లున్నారు. వాళ్లలో ముఖ్యమైన మనిషి మాత్రం, ఎనిమిదేళ్ల కూతుర్ని వదిలి పరాయి పిల్లల్ని పెంచడానికి వెళ్లిన ఆ తల్లే.